ఇక్కడే ఉంటే తినేదానివి

విదేశాల్లో మన ఇళ్ళల్లో పిల్లలతో మాట్లాడే తెలుగు ఒక పూట చెవిపెట్టి వినండి. లే, తిను, బ్యాగ్ సర్దుకో, ఫోన్ పక్కన పెట్టు. అన్నీ ఆజ్ఞలే. అందుకే పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, కానీ జరగని దాన్ని ఊహించి చెప్పమంటే ఇంగ్లీషులోకి జారిపోతారు.

ఈ సంగతి మా అమ్మాయి స్పానిష్ హోంవర్క్ వల్ల బయటపడింది. డాలస్‌లో హైస్కూలు చదువుతోంది. ఎండాకాలం సెలవులకు హనుమకొండలో అమ్మమ్మ ఇంటికి వచ్చినా ఆ పుస్తకం వదల్లేదు. అందులో పిల్లలకు టెన్షన్ పెట్టే పాఠం ‘ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్’, అంటే జరగని దాన్ని ఊహించి చెప్పేటప్పుడు వాడే క్రియ రూపం.

పేరు చూసి భయపడాలి గానీ తయారీ తేలికే. ‘వాళ్ళు మాట్లాడారు’ అనడానికి అబ్లారోన్ అంటారు. చివరి ‘రోన్’ తీసేసి రా, రాస్, రా, రామోస్, రైస్, రాన్ చేర్చాలి. నేను అయితే అబ్లారా, నువ్వు అయితే అబ్లారాస్. ‘మేము’ రూపంలో మాత్రం రామోస్‌కు ముందున్న అచ్చు మీద చిన్న గీత పెట్టాలి. అలాగే ‘తిన్నారు’ అనే కొమియేరోన్ నుంచి కొమియేరా, ‘నివసించారు’ అనే బిబియేరోన్ నుంచి బిబియేరా వస్తాయి. రైస్ అన్నది స్పెయిన్ వాళ్ళు ‘మీరంతా’ అనడానికి వాడే రూపం. లాటిన్ అమెరికాలో దాని అవసరం లేదు. ‘రా’, ‘రాస్’లకు బదులు ‘సే’, ‘సేస్’ అని ఇంకో వరస కూడా ఉంది, చదివినప్పుడు గుర్తుపడితే చాలు.

పిల్లకు ఇదంతా కంఠతా వచ్చు. ఎప్పుడు వాడాలన్నదే చిక్కు.

మా అమ్మ సర్వపిండి గిన్నె పొయ్యి మీద పెడుతూ, “నువ్వు ఈడనే ఉంటే రోజూ తినేదానివి బిడ్డా” అంది. ‘తింటావు’ అనకుండా ‘తినేదానివి’ అందేమని పిల్ల నన్ను అడిగింది. మంచి ప్రశ్న. ‘ఉంటే తింటావు’ అంటే ఉండే వీలు ఇంకా ఉందన్నట్టు. ‘తినేదానివి’ అందంటే ఈ పిల్ల ఇక్కడ ఉండేది కాదని అమ్మకు తెలుసు. అదే మాట స్పానిష్‌లో ‘సి బిబియేరాస్ అకీ, కొమెరీయాస్’ అవుతుంది. వాళ్ళు ‘ఉంటే’ దగ్గరే అది జరగనిదని తేల్చేస్తారు, ఆ క్రియ నేను, నువ్వు, మేము అన్నదాన్ని బట్టి మారుతుంది కూడా. మనకు ‘ఉంటే’ ఎవరికైనా ఒకటే. బరువంతా చివరి క్రియ మోస్తుంది: నేను తినేదాన్ని, నువ్వు తినేదానివి, మేం తినేవాళ్ళం. స్పానిష్ నేర్చుకునేవాళ్ళు ‘సి’ (మన ‘ఉంటే’లోని ‘తే’ లాంటిది) తర్వాత కూడా ‘తినేదానివి’ అనే కొమెరీయాస్ లాంటి రూపం పెట్టేసి మార్కులు పోగొట్టుకుంటారు. మా పిల్ల స్పానిష్ పట్టిక పక్కనే తెలుగు పట్టిక గీసుకుంది. ‘అమ్మమ్మ నువ్వు తినాలనుకుంది’ అన్నప్పుడు కూడా ‘కెరీయా కె కొమియేరాస్’ అని అదే రూపం రావడం చూసి ఇంకా నవ్వింది. మా అమ్మ ఎప్పుడూ అనుకునేది అదే కదా మరి.

బతుకమ్మ సంగతి వేరే. అక్కడ బడి సెలవులు ఎండాకాలంలో, పండుగేమో దసరా ముందు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడడం మా పిల్లకు వీడియోలోనే తెలుసు. “పోయిన దసరాకు వచ్చి ఉంటే ఇద్దరం ఆడేవాళ్ళం” అంటుంది అమ్మ. అది జరిగిపోయిన కాలం కాబట్టి స్పానిష్‌లో ‘వచ్చి ఉంటే’కు ‘సి ఉబియేరాస్ బెనీదో’ అనాలి. ఆ ఉబియేరాస్ కూడా ‘ఉబియేరోన్’లో రోన్ తీసేసి చేసిందే.

మేం చూసిన వారాంతపు తెలుగు తరగతుల్లో గుణింతాల మీదే పట్టు ఎక్కువ. అక్షరాలు రావాలి, కాదనను. నన్నడిగితే వాటితోపాటే ఇలాంటి వాక్యాలు నోటికి ఎక్కించాలి.

డాలస్ వచ్చాక ఆదివారం ఫోన్లో పిల్ల అమ్మమ్మను తనే అడుగుతోంది: “నువ్వు ఇక్కడ ఉంటే ఏం చేసేదానివి?”

“నడిచిపోయేంత దూరంల కూరగాయల అంగడి ఏడుందో ఎతికేదాన్ని” అంది అమ్మ. “దొరకకపోతే మీ అమ్మతోని లొల్లి పెట్టుకునేదాన్ని.”