నేల నుంచి కుర్చీలోకి

నేను వీల్‌చైర్‌లోకి వచ్చి ఆరేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నేర్చుకున్న పనులన్నిట్లో నా బతుకును మార్చింది ఒక్కటే: కిందపడితే ఎవరూ లేకుండా మళ్లీ కుర్చీలోకి ఎక్కి కూర్చోవడం. అది రానంతకాలం నేను ఒంటరిగా గడప దాటలేదు. వచ్చాక ఇంట్లో కూర్చోలేదు. కొత్తగా కుర్చీలోకి వచ్చినవాళ్లకూ, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లకూ పనికొస్తుందేమోనని జరిగినదంతా రాస్తున్నాను.

ప్రమాదంలో నా వెన్నుపాము టీ10 దగ్గర, ఛాతీ వెనక పదో వెన్నుపూస స్థాయిలో, దెబ్బతింది. అంటే ఇంచుమించు బొడ్డు నుంచి కిందికి స్పర్శ లేదు, కాళ్లు కదలవు. చేతులు, భుజాలు మాత్రం పూర్తి బలంగా ఉన్నాయి. మొదటి ఏడాది ఆ బలంతో ఏం చెయ్యొచ్చో నాకు తెలియలేదు. ఆసుపత్రి నుంచి వస్తూ తెచ్చుకున్న మడత కుర్చీ నా ఒంటికి చాలా వెడల్పు. కూర్చుంటే ఒక పక్కకు ఒరిగిపోయేదాన్ని. పెద్ద చక్రాలు మరీ వెనకగా ఉండటంతో చేతులు వెనక్కి చాపి తోయాల్సి వచ్చేది. హాలు దాటేసరికి భుజాలు లాగేసేవి. దాంతో తోయడం, మంచం ఎక్కించడం, దించడం, స్నానం, అన్నీ అమ్మే. "నువ్వు కదలకు నాన్నా, పడిపోతావ్" అని రోజుకు ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. నేనూ కదిలేదాన్ని కాదు.

అలా కదలకుండా కూర్చునే పుండు తెచ్చుకున్నాను. స్పర్శ ఉన్నవాళ్లు కూర్చున్నచోట తమకు తెలియకుండానే అటూ ఇటూ సర్దుకుంటూ ఉంటారు. నాకు ఆ కబురు అందదు. ఒకరోజు స్నానం చేయిస్తూ అమ్మ, కూర్చునే ఎముక దగ్గర చొక్కా గుండీ అంత మచ్చ చూసింది. ఎర్రగా ఏం లేదు. మన రంగు ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. చుట్టుపక్కల కంటే కాస్త నల్లగా ఉంది, తాకితే వెచ్చగా, గట్టిగా ఉంది. ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. వారానికల్లా చర్మం విచ్చుకుంది. ఏడు వారాలు బోర్లా పడుకున్నాను. ఒక్క గుండీ అంత మచ్చకి.

ఆ ఏడు వారాలూ చదువుతూనే గడిపాను. లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ గురించి అప్పుడే తెలిసింది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఆయన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసం ఒక విభాగం మొదలుపెట్టారు. ఈ గాయమైనవాళ్లు ఎక్కువ కాలం బతకరని డాక్టర్లే అనుకునే రోజులవి. పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ప్రాణం తీసేవి. ఆయన వార్డులో రాత్రీ పగలూ రెండేసి గంటలకోసారి మనుషుల్ని పక్కకు తిప్పించేవారు. ఆ తర్వాతే ఆటలు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, అక్కడ 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. అదే పెరిగి పెరిగి 1960 నాటికి రోమ్‌లో మొదటి పారాలింపిక్స్ అయింది. బోర్లా పడుకుని చదువుతున్న నాకు ఆటల కంటే ఆ రెండు గంటల లెక్కే మనసులో నాటుకుంది. ముందు చర్మం నిలవాలి, విల్లు తర్వాత.

అప్పటినుంచి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చేతి అద్దంతో నా ఒళ్లు నేనే చూసుకుంటాను. కూర్చున్నప్పుడు అరగంటకోసారి ఫోన్ మోగుతుంది. ఛాతీ తొడలకు ఆనేలా ముందుకు వంగి రెండు నిమిషాలు ఉంటాను. చేతుల మీద లేచి పది సెకన్లు ఆగడం చాలామంది చేస్తారు. కానీ నొక్కుకుపోయిన చోటికి రక్తం తిరిగి చేరడానికి పది సెకన్లు చాలవు, పైగా భుజాల మీద బరువు. వంగడమే మేలు.

తర్వాత చేసిన మంచిపని కొలతలతో కుర్చీ చేయించుకోవడం. ఫిజియోథెరపిస్ట్ మేడమ్ టేపు పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నారు. తుంటికి రెండు పక్కలా ఒక్కో వేలు పట్టేంత సందు. మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు. చేతులు వదులుగా వేలాడేస్తే మధ్యవేలి కొన ఇరుసు దగ్గరికి రావాలి. ఇరుసును ముందుకు జరిపించారు. అలా జరిపితే కుర్చీ తేలిగ్గా తిరుగుతుంది, కానీ వెనక్కి పడే గుణం కూడా వస్తుంది, అలవాటయ్యేదాకా జాగ్రత్త అన్నారు. మొదటిరోజు ఆ కుర్చీలో ఒక్క తోపుకే గది ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోయాను. ఏడాదిగా నా బలహీనత అనుకున్నది ఆ పాత కుర్చీదని అప్పుడు తెలిసింది. ఇది మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను: కొలతలు లేని కుర్చీతో మీ శక్తిని అంచనా వేసుకోకండి.

తోయడం కూడా నేర్పించారు. టకటకా చిన్న తోపులు కాకుండా, చక్రాన్ని గడియారం అనుకుంటే పదకొండు దగ్గర పట్టుకుని రెండు దాకా సాగదీసి వదిలేయాలి. చేతులు కిందికి జారి మళ్లీ వెనక్కి రావాలి. ఇప్పుడు నన్ను మోసేవి భుజాలే. వాటిని అరగదీసుకుంటే ఇంకో జత లేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, సిగ్గుపడి చాలామంది దాచుకుంటారు కాబట్టి. నేను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కాథెటర్ అనే సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాలి. బయట బాత్రూమ్ దొరకదేమోనన్న టెన్షన్‌తో, ఎక్కడికైనా వెళ్లాలంటే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేసేదాన్ని. ఆ ఏడాది రెండుసార్లు ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం వచ్చి పడుకున్నాను. ఇప్పుడు నీళ్లు మానను. వెళ్లే చోట బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పో ముందే ఫోన్ చేసి అడుగుతాను. "సరిపోతుందండీ" అంటే ఒప్పుకోను. టేపు పెట్టి కొలిచి చెప్పమంటాను. నా కుర్చీకి 70 సెంటీమీటర్లు ఉంటే కష్టంగా పడుతుంది, 80 ఉంటే హాయి.

ఇక నేల సంగతి.

కొత్త కుర్చీ వచ్చాక కూడా నేను ఒంటరిగా ఉండలేదు. పడితే ఎలా అన్న భయం. మేడమ్ ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. "పడతారు. అందరూ పడతారు. లేవడం నేర్చుకుందాం" అన్నారు. గోడ పక్కన ఆరు పలుచటి పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, నన్ను పైన కూర్చోబెట్టి, కుర్చీని పక్కన పెట్టి బ్రేకులు వేయించారు. అంత ఎత్తు నుంచి సీటు మీదికి జరగడం తేలికే. అది పదిసార్లు తడబడకుండా చేస్తే ఒక పరుపు తీసేసేవారు.

కిటుకంతా తలలో ఉంది. తల ఎటు పోతే తుంటి దానికి ఎదురు దిక్కుకు పోతుంది. కుర్చీలోకి ఎక్కాలంటే కుర్చీ వైపు చూడాలనిపిస్తుంది కదా. చూస్తే లేవం. ఒక చేయి నేల మీద, ఒక చేయి సీటు మీద పెట్టి, మోకాళ్లు మడిచి, తలను కుర్చీకి దూరంగా, కిందికి, దాదాపు నేలకు తగిలేంతగా దించాలి. అప్పుడు తూకంలా తుంటి పైకి లేస్తుంది. నాకు ఇది తలకెక్కడానికి నెల పట్టింది, ఒంటికెక్కడానికి ఇంకో మూడు నెలలు. రెండో పరుపు దగ్గర మూడు వారాలు ఆగిపోయాను. మేడమ్ ఏమీ అనేవారు కాదు, పక్కనే నేల మీద కూర్చుని ఉండేవారు. చివరి పరుపు తీసేసిన రోజు గచ్చు చల్లదనం అరచేతికి తగిలింది. మూడో ప్రయత్నంలో సీటు మీద పడ్డాను. అక్కడే ఏడ్చేశాను.

నిజమైన పరీక్ష రెండు నెలల తర్వాత. అమ్మ ఎవరిదో పెళ్లికని వేరే ఊరు వెళ్లింది. నేను పట్టుబట్టి పంపించాను. సాయంత్రం వంటింట్లోంచి వస్తుంటే ముందు చిన్న చక్రం చార్జర్ వైరు మీద ఆగిపోయింది. కుర్చీ ఆగింది, నేను ఆగలేదు. ముందుకు పడ్డాను. మొదట చేయాల్సింది లేవడం కాదని నేర్పించారు: ఒళ్లు చూసుకోవాలి. కాలు విరిగినా నాకు నొప్పి తెలియదు. పాదాలు, చీలమండలు, మోకాళ్లు చేత్తో తడిమి చూశాను. వాపు లేదు, వంకర లేదు, మోకాలి మీద చిన్న గీత. కుర్చీ దూరంగా జరిగిపోయింది. కూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ దాని దగ్గరికి చేరాను. దుప్పటి లాగి మడతపెట్టి కింద వేసుకున్నాను, గచ్చు ఒరుసుకోకుండా. రెండుసార్లు జారాను. ఫోన్ చేతికందేంత దూరంలో ఉంది, పక్కింటివాళ్లు పిలిస్తే వస్తారు. ఇంకో ఒక్కసారి చూసి పిలుద్దామనుకున్నాను. తల దించాను, ముక్కు ఇంచుమించు నేలకు తగిలింది. ఎక్కేశాను. గడియారం చూస్తే పడి నలభై నిమిషాలైంది.

అమ్మకు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఒక్కదానివే లేచావా?" అని రెండుసార్లు అడిగింది. తిరిగొచ్చాక నన్ను పడిపోతావ్ అనడం మానేసింది.

ఏడాది తిరక్కుండా వేరే ఇంట్లో ఉండటం మొదలుపెట్టాను. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను, లోపల పడితే తలుపుకు అడ్డం కాకుండా. వాకిట్లో 15 సెంటీమీటర్ల మెట్టుకి మేస్త్రీ రెండడుగుల ర్యాంప్ చాలన్నాడు. ఒప్పుకోలేదు. ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు ఉండాలి, అంటే 180 సెంటీమీటర్లు. అంతే కట్టించాను. వేడి గిన్నెలు ఒళ్లో పెట్టుకోను, బల్ల మీద జరుపుకుంటూ తీసుకెళతాను. కాలిన సంగతి తొడలకు తెలియదు.

ఆదివారాలు వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఆడతాను. బుట్ట ఎత్తు నిలబడి ఆడేవాళ్లకి ఎంతో మాకూ అంతే, 3.05 మీటర్లు. బంతి పట్టుకుని రెండు తోపులకు మించి వెళితే తప్పు, మధ్యలో నేలకు కొట్టాలి. అక్కడ కుర్చీతో సహా పడటం మామూలు విషయం. నా భయంలో మిగిలిన కొంత ఆ కోర్టులోనే పోయింది.

అన్నీ ఒక్కదాన్నే చేసుకుంటానని కాదు. మెట్లుంటే సాయం అడుగుతాను. చెప్పకుండా వెనకనుంచి పట్టుకుని తోసేవాళ్లను ఆపి, ఎలా పట్టుకోవాలో చెబుతాను: "చేతులు పెట్టుకునే చోట పట్టుకోకండి, ఊడొస్తాయి. కింది ఫ్రేమ్ పట్టుకోండి. నేను మూడు లెక్కపెట్టాక ఎత్తండి." అమెరికాలో ఎడ్ రాబర్ట్స్‌కి పోలియో వల్ల మెడ కింద దాదాపు ఏమీ కదిలేది కాదు, ఊపిరికి యంత్రం సాయం కావాలి. ఆయన, తనలాంటి మరికొందరు కలిసి 1972లో బర్కిలీలో, తమ బతుకు గురించి తామే నిర్ణయించుకోవాలని, స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. ఆయన గురించి చదివాక సాయం అడగడానికి నాకు మొహమాటం పోయింది. ఎవరు, ఎప్పుడు, ఎలా ఎత్తాలో చెప్పేది నేనే కదా.

ఇప్పుడు శనివారాలు అదే ఫిజియోథెరపీ గదికి వెళుతున్నాను. గాయమై ఎనిమిది నెలలైన ఒక అమ్మాయి వస్తుంది, వాళ్లమ్మ వెనకాలే నిలబడుతుంది, రెండు చేతులూ ముందుకు చాపి. నేను కుర్చీలోంచి దిగి ఆ అమ్మాయి పక్కన నేల మీద కూర్చుంటాను. "కుర్చీ వైపు చూడకు, నా వైపు చూడు" అంటాను. ఆరు పరుపులతో మొదలుపెట్టాం. మొన్నటికి నాలుగయ్యాయి.