తాళం పగలలేదు

మొన్న పొద్దుగాల ఐదున్నరకు నాయిన ఫోన్. "బిడ్డా, ట్రాన్స్‌ఫార్మర్ దించేసిన్రు."

బండేసుకుని బాయికాడికి పోయేసరికి అది దిమ్మె పక్కన బోర్లా పడి ఉంది. ఆయిలంతా నల్లగా మడుగు కట్టింది, అందులో ఒక తొండ చచ్చి తేలుతోంది. లోపలి రాగి చుట్టలు లేవు. మూత బోల్టులు మాత్రం ఒక్కటి పోకుండా గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. అంత తీరికగా పని చేసుకుని పోయారన్నమాట.

మాది దేవరకొండ వైపు. బోర్లే దిక్కు. ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడు మోటర్లు నడుస్తాయి. ఏప్రిల్ ఎండలు, బత్తాయి పిందె మీదుంది. ట్యాంకర్ తెప్పించి చెట్ల మొదట్లో పోస్తున్నాం, అయినా పిందె రాలుతూనే ఉంది.

"నయీం ఉన్నప్పుడు పైసలున్నోళ్లు భయపడ్డరు, ఇప్పుడు మన వంతు" అంటాడు నాయిన. గ్యాంగ్‌స్టర్ భువనగిరి నయీం 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. ఆ ముఠాకు ఒక పేరన్నా ఉండేది. వీళ్లు ఎంతమందో కూడా తెలియదు. మట్టిలో చెప్పుల అచ్చులు చూసి నలుగురనుకున్నాం.

ఊళ్లో మాత్రం అరగంటలో దొంగలు తేలిపోయారు. వారం కింద వెంట్రుకలకు గిన్నెలిచ్చేవాళ్లు వచ్చారట, ఇంకేముంది, వాళ్లే! పోరగాళ్లు కర్రలు పట్టుకుని బండ్లెక్కారు. నేను అడ్డం పడి తిట్లు తిన్నాను. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ దిగిందని వాట్సాప్‌లో పుకారు లేస్తే, దారిన పోయే అమాయకులను మన పల్లెల్లోనే కదా కొట్టి చంపింది. అప్పుడే మరిచిపోయారు.

అసలు కరెంటు ఉండగా ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవడూ ముట్టడు. ముందు దానికి కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించాలి. మా స్విచ్ హ్యాండిల్‌కు తాళం ఉంటుంది. దాన్ని పగలగొట్టలేదు, కోయలేదు. తీసి, పక్కన వేపకొమ్మకు తగిలించి ఉంది.

స్టేషన్‌లో ఇదే చెప్పాను. ముఠాగా దొంగతనం చేస్తే 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో 112 సెక్షన్ ఉందని, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చని రైటర్ అన్నాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" అని అడిగాడు.

"మోటరున్నోళ్లందరి దగ్గర ఒక్కోటి ఉంటది సార్" అన్నాడు నాయిన.

ఏడిళ్ల వాళ్లం ఆ గదిలోనే ఉన్నాం.