వెబ్‌సైట్ పని మొదలుపెట్టే ముందు

అమీర్‌పేటలో నా దగ్గరికి వెబ్‌సైట్ కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని రోజులు పడుతుందండీ?" అనే. నిజానికి కోడింగ్ కంటే మీ దగ్గర్నుంచి ఫొటోలు, రేట్లు, రాయాల్సిన మ్యాటర్ రావడానికే ఎక్కువ టైమ్ పడుతుంది.

తెలుగు సైటైతే ఇంకో సంగతి ఉంది. చాలామంది పాత పాంప్లెట్ ఫైలే పంపిస్తారు. అది డీటీపీ సెంటర్‌లో 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టింది. సైట్‌లో పేస్ట్ చేస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి మార్చాక కూడా ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూడాలి. ఆ ప్రూఫ్ దయచేసి మీరే చదవండి. మీ సరుకుల పేర్లు మీకు తెలిసినంతగా నాకు తెలియవు.

డిజైన్ పంపగానే ఫోన్‌లో తెరిచి చూసి, మార్పులుంటే అప్పుడే చెప్పండి. కోడింగ్ అయ్యాక మారిస్తే ఖర్చు పెరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. డెవలపర్ ఎవరైనా, నేనైనా సరే, డొమైన్, అంటే సైట్ అడ్రసు, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొనండి. కూకట్‌పల్లిలో స్వీట్ షాపు నడిపే ఒకావిడ డొమైన్ పాత డెవలపర్ పేరు మీదుంది. ఆయన ఫోనెత్తడు. షాపు బోర్డు మీద, స్వీట్ బాక్సుల మీద ఉన్నది ఆ అడ్రసే. ఆవిడ టెన్షన్ చూస్తే బాధేసింది. పాస్‌వర్డులు, రెన్యువల్ తేదీలు చేతికొచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వండి.