'వస్తే'ని 'వసేత' అని చదివే మా అబ్బాయి

మూడో తరగతి తెలుగు వాచకంలో పాఠాలన్నీ మా వాడు గడగడా చదివేసేవాడు. ఒకరోజు పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అని అడిగాను. పుస్తకం వదిలేసి నా మొహంలోకి చూశాడు. క్లాసులో విన్న పాఠాన్ని బొమ్మల్ని బట్టి అప్పజెబుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

బడిలో "తెలివైనవాడే, శ్రద్ధ లేదు" అంటూ వచ్చారు. నేనూ అదే నమ్మి తిట్టాను, తప్పుపోయిన ప్రతి మాటా పదిసార్లు రాయించాను. కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నారు. చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు తయారుచేసిన పరీక్షలు రెండు రోజులు పెట్టి, డిస్లెక్సియా అని చెప్పారు. తెలివికి లోటేమీ లేదు, అక్షరాన్నీ దాని శబ్దాన్నీ కలిపి పట్టుకోవడం దగ్గరే ఇబ్బంది అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేసిసార్లు రాయించిన ఆ నోటు పుస్తకాలే కళ్ళ ముందు తిరిగాయి.

వారానికి రెండు రోజులు స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ దగ్గర క్లాసు, మిగతా రోజులు ఇంట్లో నాతో. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఒకేసారి పైకి చదవాలి, వాడి వేగంలో. ధైర్యం వచ్చినప్పుడు వాడు నా మోచేతి మీద తడతాడు, నేను ఆపేయాలి. ఎక్కడైనా ఆగిపోతే నేను మనసులో ఐదు లెక్కపెట్టి, ఆ మాట నేనే చెప్పేయాలి. వాడు దాన్ని ఒకసారి అన్నాక మళ్ళీ ఇద్దరం కలిసి సాగాలి. "నిన్ననే చెప్పానుగా" అన్న మాట నోట్లోంచి రాకూడదు. రోజుకు పది నిమిషాలే. ఆ ఐదు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

ఒత్తుల దగ్గరే మా అసలు కష్టం. 'వస్తే' అన్న మాట చూడండి. ఏత్వం 'స' మీద ఉంటుంది, కింద 'త' ఒత్తు. నోరేమో 'వస్' అని ఆగి, ఆ ఏత్వాన్ని కింద ఉన్న 'త'కి ఇచ్చి 'తే' అనాలి. మా వాడు 'వసేత' అనేవాడు. ఎన్నిసార్లు కసిరానో! పైనుంచి కిందికి కంటికి ఎలా కనిపించిందో అలాగే చదివాడు పాపం. మనకు అలవాటైపోయి ఆ చిక్కు కనిపించదు గానీ, వాడికి ప్రతి వాక్యంలో అదే ఎదురయ్యేది.

అందుకని ముందు పుస్తకం మూసి చప్పట్లు కొట్టాం. వస్–తే, రెండు. పుస్–త–కం, మూడు. చెవికి బాగా పట్టాక అదే మాటను పెద్దగా రాసి, ఒత్తును ఎర్ర పెన్నుతో దిద్ది చూపించేదాన్ని. పళ్ళెంలో బియ్యం పోసి, శబ్దం పైకి అంటూ వేలితో రాయించాను. అక్షరాభ్యాసం నాడు మేం చేయించింది ఇదే కదా, తర్వాత ఎందుకు మానేశామో! 'ప', 'ష', 'స' లాంటి ఒకే పోలిక ఉన్న అక్షరాలు ఒకే రోజు చెప్పలేదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. పాత శుభలేఖ అట్టలో ఒక్క వరుస కనిపించేంత కిటికీ కోసిస్తే, వరుసలు తప్పిపోవడం చాలా తగ్గింది.

డిస్లెక్సియా ఉందని వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడుతుందని మా అత్తగారు భయపడ్డారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కూడా ఒకటి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగవచ్చు. తీసుకున్నాం.

ఇప్పుడు వాడు ఐదో తరగతి. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు, కొత్త మాట వస్తే టెన్షన్ పడతాడు. మొన్న సిటీ బస్సులో సీట్ల పైన రాసి ఉన్న మాటను చాలాసేపు చూస్తూ, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. నేను ఐదు దాటి పది దాకా లెక్కపెట్టి ఉంటాను. "స్త్రీలు" అన్నాడు. ఆ వెంటనే నా చెయ్యి పట్టుకుని లాగి, "ఇది నీ సీటే అమ్మా, కూర్చో" అన్నాడు.