గుమ్మం దాటకముందే చెప్పాల్సిన మాట

అక్కకి బ్రెయిన్‌స్టెమ్‌లో, అంటే మెదడుని వెన్నుపాముకి కలిపే కాడలో, స్ట్రోక్ వచ్చి నాలుగేళ్ళయింది. కనురెప్పలు ఆడతాయి, కళ్ళు పైకీ కిందకీ కదులుతాయి. మిగతా ఒళ్ళేదీ తన మాట వినదు. మెదడు పైభాగానికి మాత్రం ఏమీ కాలేదు. అన్నీ వింటుంది, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. నేను నా లెక్కల క్లాసు కబుర్లు చెప్తుంటే ఎక్కడ కొంచెం కలిపి చెప్పానో కూడా పట్టేస్తుంది. మొదటి నెలల్లో మమ్మల్ని చూసిన ఒక డాక్టరుగారు అక్క మంచం పక్కనే నిలబడి "ఆవిడకేం తెలియదులెండి" అన్నారు. ఆ మాట అక్క విన్నది. చాలాకాలం తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ సంగతి మాకు చెప్పింది.

మా దగ్గర ఒక అక్షరాల అట్ట ఉంది. ఒక్కో వరసమీదా వేలు పెట్టి అడుగుతాను. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూసుకుంటుంది. వరస దొరికాక అక్షరం, అక్షరం దొరికాక గుణింతం, ఆపైన ఒత్తు. ఒకరోజు స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. బాగా ఓపికున్న పూట నిమిషానికి నాలుగక్షరాలు వచ్చాయి.

మొన్నొక రాత్రి "దిం" దాకా వచ్చింది. "దించమంటావా?" అని నేను గబగబా మంచం తలవైపు దించేశాను. కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం. దిండు! మెడ కింద దిండు ఎప్పుడో జారిపోయింది. ఆ నొప్పి ఓర్చుకుంటూ నా తొందరని కూడా ఓర్చుకుంది.

అందుకే పక్షవాతం వచ్చినవాళ్ళ మెదడుని కంప్యూటరుకి కలిపే పరిశోధన గురించి ఏది కనిపించినా ముందు వేగం ఎంతో చూస్తాను. మాట బయటికి రావడం ఒకటే చాలదు, వేళకి రావాలి. మేమందరం మాట్లాడుకుంటున్నప్పుడు అక్క ఏదో అనాలనుకుంటుంది. అట్ట తెచ్చి, వరస అడిగి, రెండు మాటలు పోగయ్యేసరికి మేం ఇంకెక్కడో ఉంటాం. "సరేలే, వదిలెయ్" అన్నట్టు కళ్ళు మూసుకుంటుంది. ఆ కళ్ళు మూసుకోవడం చూడలేను.

ఈ వెతుకులాటలోనే కృష్ణ షెనాయ్ పని తెలిసింది. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా మొదలై న్యూరోసైన్స్‌లోకి వచ్చినవాడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో న్యూరోసర్జన్ జేమీ హెండర్సన్‌తో కలిసి ఏళ్ళ తరబడి ఈ పనే చేశాడు. 2023 జనవరిలో, 54 ఏళ్ళకే, క్యాన్సర్‌తో పోయాడు.

లెక్కలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఆయన బృందం 2014లో రాసిన ఒక పేపరు నన్ను పట్టుకుంది. చెయ్యి చాచబోయేముందు, ఇంకా కదలకముందే, మెదడులో కదలికల్ని నడిపే మోటార్ కార్టెక్స్‌లో నాడీకణాలు జోరుగా పనిచేస్తుంటాయి. కండరాలకి ఆజ్ఞలు వెళ్ళేది కూడా అక్కణ్ణించే. మరి అప్పుడే చెయ్యి ఎందుకు కదిలిపోదు? వాళ్ళు చూపించిన జవాబు చాలా అందమైనది. త్రాసు ఊహించుకోండి. ఒక పళ్ళెంలో ఎంత వేస్తే రెండో పళ్ళెంలోనూ అంతే వేస్తూపోతే ముల్లు కదలదు. పళ్ళేలు రెండూ నిండుతూనే ఉంటాయి. అలాగే ఒక కణం జోరు పెరిగితే ఇంకొకటి సరిగ్గా దాన్ని కొట్టేసేట్టు మారుతుంది. కండరం దాకా చేరే మొత్తంలో మార్పుండదు. లీనియర్ ఆల్జీబ్రాలో మేం నల్ స్పేస్ అని చెప్పేది ఇదే. ఇన్నేళ్ళు బోర్డుమీద ఎక్కించిన పాఠం కోతుల తలలో జరుగుతోందని చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక్కో కణాన్నీ విడిగా కాకుండా మొత్తం గుంపు ఎటు నడుస్తోందో చూడాలన్నది ఆయన పట్టుదల. తర్వాత వచ్చిన వేగానికి నా లెక్కన వేరు అక్కడే ఉంది.

పరికరం సంగతి క్లుప్తంగా చెప్తాను. పొడవూ వెడల్పూ 4 మిల్లీమీటర్లుండే చదరపు ముక్క, దానికి వందదాకా సన్నటి సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు. ఆపరేషన్ చేసి మెదడు పైపొరలో గుచ్చుతారు. చుట్టుపక్కల కణాలు టిక్కుమన్నప్పుడల్లా అవి వింటాయి. బ్రెయిన్‌గేట్ అనే ట్రయల్లో మొదటి మనిషికి 2004లో పెట్టారు, ఫలితాలు 2006లో వచ్చాయి. 2012లో వచ్చిన పేపర్లో 58 ఏళ్ళ ఒకావిడ మనసుతో నడిపిన రోబో చేత్తో సీసా అందుకుని, స్ట్రాతో తనంతట తాను కాఫీ తాగింది. ఆవిడదీ బ్రెయిన్‌స్టెమ్ స్ట్రోకే. అప్పటికి దాదాపు 15 ఏళ్ళయింది. అన్నేళ్ళు కదలని చేతికి కూడా మెదడులో ఆజ్ఞ చెక్కుచెదరకుండా ఉంది! ఈ సంగతి అక్కకి చెప్పినప్పుడు చాలాసేపు నా మొహంకేసే చూసింది.

2017లో షెనాయ్, హెండర్సన్‌లు, తోటివాళ్ళు తెరమీద కర్సర్‌ని మనసుతో జరిపించి నిమిషానికి 39 అక్షరాల దాకా టైపు చేయించారు. 2021లో పద్ధతి మార్చారు. 2007లో వెన్నుపాము దెబ్బతిని చేతులు పడిపోయిన 65 ఏళ్ళాయన్ని, కాగితంమీద పెన్నుతో రాస్తున్నట్టు ప్రయత్నించమన్నారు. నిమిషానికి 90 అక్షరాలు వచ్చాయి! కర్సర్ ఒక మీటనుంచి ఇంకో మీటకి తిన్నగా పోతుంది, ఆ దార్లన్నీ ఒకలాగే ఉంటాయి. రాతలో అలా కాదు. ఒక్కో అక్షరం ఒక్కో వంపు తిరుగుతుంది కాబట్టి కంప్యూటరుకి పోల్చుకోవడం తేలిక. వాళ్ళు చేసింది ఇంగ్లీషు అక్షరాలతో. నేను పెన్ను పట్టుకుని ప, వ పక్కపక్కన రాసి చూశాను. చెయ్యి దాదాపు ఒకే దారిన పోతోంది. మన అక్షరాలకి ఈ పద్ధతి కష్టమేమో అని దిగులుపడ్డాను.

2023 ఆగస్టులో, షెనాయ్ పోయాక వచ్చిన పేపర్లో రాత కాదు, మాటే. ఏఎల్‌ఎస్ అనే, కండరాల్ని ఆడించే నాడులు క్రమంగా చచ్చుబడే జబ్బుతో మాట స్పష్టత పోయిన ఒకావిడ మాట్లాడే ప్రయత్నం చేస్తుంటే, పెదవులూ నాలుకా కదిపే కణాలనుంచి ధ్వనులు ఏరి వాక్యాలు కట్టారు. నిమిషానికి 62 పదాలు. అక్షరాలు కాదు, పదాలు! 1,25,000 పదాల్లోంచి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నాలుగింట దాదాపు ఒక పదం తప్పు పోయేది, నిజమే. కానీ 2024లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ శాఖ బృందం, ఏఎల్‌ఎస్ ఉన్న 45 ఏళ్ళాయనతో పనిచేసి 97.5 శాతం పదాలు సరిగ్గా పట్టింది. ఆ పదాల్ని ఆయన పాత గొంతుని పోలిన గొంతుతోనే కంప్యూటర్ పలికింది. ధ్వనులు ఏరడమే పద్ధతైతే తెలుగుకి నాకు దిగులు లేదు. మనం పలికిందే కదా రాసేది.

ఇదంతా ట్రయల్స్‌లోనే ఉంది. ఇందాక చెప్పిన వాటిలో పుర్రెమీద ప్లగ్గు, దానికి వైరు ఉండాల్సిందే. గుచ్చిన చోట మచ్చకట్టి సిగ్నల్ తగ్గొచ్చు, రోజురోజుకీ కాస్త మారుతుంది కూడా, మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవాలి. అక్కకి అందుతుందని నేను మాట ఇవ్వలేదు. ఇవ్వను కూడా. తనే అడిగి మరీ అన్నీ చెప్పించుకుంటుంది.

నిన్న ఒకటి అడిగాను. "అక్కా, ఒకవేళ దొరికితే ముందు చెయ్యా, గొంతా?"

గొంతు దగ్గర కళ్ళు పైకెత్తింది. దేనికని అడిగాను. అట్ట తీశాం. క. స. ర. "కసరత్తా?" అన్నాను. కళ్ళు మూసుకుంది. ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను. మొత్తం రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

"కసరాలి. మావాడు హెల్మెట్ లేకుండా వెళ్తాడు. గుమ్మం దాటకముందే."