ఓటు లేని నేను, ఓటున్న మాస్టారు

డాలస్ శివారులో ఇల్లు కొని ఆరేళ్లయింది. ఏటా ప్రాపర్టీ టాక్స్ కడతాను కానీ ఓటు లేదు. గ్రీన్ కార్డ్ కోసం ఇంకా లైన్లోనే ఉన్నాను. అలాంటి నేను 2024 ఏప్రిల్లో మా వీధిలోని నలుగురు పెద్దవాళ్లకు స్కూల్ బాండ్ గురించి చెప్పాల్సి వచ్చింది. అందరూ పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే సిటిజన్లయినవాళ్లు. ఆ బాండ్‌కి ఒప్పుకోవాలా వద్దా అని మే 4న ఎన్నిక. బ్యాలెట్ ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో ఉంటుంది. తెలుగులో ఉండదు.

"బాండ్ అంటే మనం కొనాలా బాబూ?" అని ఒక ఆంటీ అడిగారు. కాదండీ, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) తెచ్చుకునే అప్పు, ఏళ్ల తరబడి మన పన్నులోంచి వడ్డీతో తీరుస్తారు అన్నాను. అది కట్టడాలకీ బస్సులకీ వాడొచ్చు, టీచర్ల జీతాలకు వాడకూడదు. పెద్ద స్టేడియం కట్టాలంటే అది వేరే ప్రశ్నగా అడగాలి కాబట్టి బడికి సరే, స్టేడియానికి వద్దు అనే వీలుంది. ఇంతవరకూ సాఫీగానే నడిచింది.

అసలు టెన్షన్ శాంపిల్ బ్యాలెట్ చూపించాక మొదలైంది. ప్రతి ప్రశ్నలోనూ 'ఇది ఆస్తిపన్ను పెంపు' అని అన్నీ పెద్దక్షరాల్లో ఉంది. 2019లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం స్కూల్ బాండ్ ఏదైనా ఆ వాక్యం ఉండాల్సిందే, రేటు పైసా పెరగకపోయినా సరే. అదేం పట్టించుకోకండి, పాత అప్పులు తీరుతున్నాయి, అదే రేటుతో కొత్తది తెస్తారు అని తేల్చేశాను.

నలుగురిలో ఒకాయన లెక్కల మాస్టారు, నల్గొండలో రిటైరయ్యారు. నేను తెలుగులో రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"పాత అప్పు తీరాక కొత్తది తేకపోతే?"

"రేటు తగ్గొచ్చు మాస్టారూ."

"మరి తగ్గాల్సింది తగ్గదన్నమాట. అది రాయలేదే? పిల్లలు పోర్టబుల్స్‌లో, అదే ఆ తాత్కాలిక గదుల్లో, చదువుతున్నారని మూడు లైన్లు రాశావు, వడ్డీ మాట ఒక్కటీ లేదు."

మా అమ్మాయి క్లాసు పోర్టబుల్‌లోనే. వాన పడితే తడుస్తూ మెయిన్ బిల్డింగ్‌కి పరిగెత్తాలి. నాకు తెలియకుండానే ఓటు అడిగేశాను. డిస్ట్రిక్ట్ వాళ్ల కరపత్రమే నాకన్నా నయం, ప్రజల డబ్బుతో వేసే కాగితంలో ఫలానా దానికి ఓటెయ్యమని చెప్పడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి.

ఆ రాత్రి కాగితం మళ్లీ రాశాను. ఇక్కడ రేటు 100 డాలర్ల విలువకు ఇన్ని సెంట్లని చెబుతారు. 5 లక్షల డాలర్ల సొంతిల్లయితే హోమ్‌స్టెడ్ మినహాయింపు (తాముండే ఇంటి విలువలో పన్ను పడని భాగం) 2024లో లక్ష, అది పోగా 4 లక్షల మీద స్కూల్ పన్ను. అంటే రేటులో ఒక్క సెంటు తేడాకి ఏడాదికి 40 డాలర్లు. ఇది చూశాక ఎవరూ కంగారు పడలేదు, ఎవరి ఇంటికి వాళ్లు లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. 65 దాటినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే స్కూల్ టాక్స్ ఇక పెరగదని ఆంటీ ఎక్కడో విన్నారట. నిజమే, కొత్త గదులు కట్టుకుంటే తప్ప పెరగదు. కానీ ఆ ఇల్లు వాళ్ల పేరు మీద ఉండాలి. నలుగురిలో ముగ్గురి ఇళ్లు కొడుకుల పేర్ల మీదే ఉన్నాయి! (మాస్టారు ఆ రాత్రే కొడుకుతో మాట్లాడారని తర్వాత తెలిసింది.)

ముందస్తు ఓటింగ్ ఏప్రిల్ 22 నుంచి 30 వరకూ. నా కారులోనే తీసుకెళ్లాను. లోపల ఫోన్ వాడనివ్వరు, రాసుకున్న కాగితం తీసుకెళ్లొచ్చు. అందుకే నలుగురి చేతుల్లోనూ నా కాగితం. నేను పార్కింగ్‌లో కూర్చున్నాను. అరగంట తర్వాత చొక్కా మీద 'ఓటేశాను' అనే స్టిక్కర్లతో వచ్చారు.

మాస్టారు నా కాగితం మడిచి తిరిగిచ్చారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో లెక్కలున్నాయి. కింద, ఏ ప్రశ్నకి ఏం వెయ్యాలో రాసుకునే చోటు మాత్రం సన్నగా చింపేసి ఉంది.