ఎర్ర పీ బోర్డు వెనకాల

శనివారం, అర్ధరాత్రి దాటింది. నిద్ర రావడం లేదు. ఇది రాసేసి పడుకుంటాను.

అమ్మాయికి లైసెన్స్ వచ్చి మూడు వారాలు. 120 గంటలు పక్కన కూర్చుని నేర్పించాం, అందులో 20 గంటలు రాత్రిపూట. ఇంత చేసినా ఇక్కడ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో వెంటనే పూర్తి లైసెన్స్ ఇవ్వరు. కారుకి పీ బోర్డు తగిలించుకునే ప్రొవిజనల్ (తాత్కాలిక) లైసెన్స్ ఇస్తారు: కనీసం ఏడాది ఎర్ర పీ, ఆ తర్వాత రెండేళ్ళు ఆకుపచ్చ పీ. నేను ఇండియాలో నేర్చుకున్నప్పుడు ఎల్ బోర్డు తీసేశాక ఇంక అడిగినవాళ్ళు లేరు. అందుకే మొదట్లో ఇదంతా అతి అనిపించింది.

మధ్యాహ్నం ఎమ్1 హైవే మీద న్యూకాజిల్ వైపు వెళ్ళాం. అక్కడ స్పీడ్ పరిమితి గంటకి 110 కిలోమీటర్లు, దానికి మాత్రం 90. పెద్ద లారీలు కూడా మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి. ఒకటి వెనకాలే అంటుకుని వచ్చింది. "కొంచెం పెంచవే" అని నా నోటిదాకా వచ్చింది. అమ్మాయి మాత్రం ఎడమ లేన్ వదలలేదు, 90 దాటలేదు. ఎంత చిన్న స్పీడింగ్ కేసైనా కనీసం నాలుగు డీమెరిట్ (తప్పుకి పడే) పాయింట్లు, ఎర్ర పీ వాళ్ళకి ఆ నాలుగుతోనే లైసెన్స్ సస్పెండ్. అది నాకంటే దానికే బాగా గుర్తుంది.

అసలు టెన్షన్ రాత్రి. ఫ్రెండ్ పుట్టినరోజుకి దాని కారులోనే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరు స్నేహితురాళ్ళని దింపుతానని మాటిచ్చింది. కేకు కోయడం ఆలస్యమైంది. 10:45కి మెసేజ్: "అమ్మా, పదకొండు దాటిపోతుంది. ఒకళ్ళని నువ్వు తీసుకెళ్తావా?"

ఎర్ర పీ ఉన్నవాళ్ళు పాతికేళ్ళలోపు అయితే, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు ఇరవై ఒకటి నిండనివాళ్ళని ఒక్కరినే ఎక్కించుకోవాలి. తమ్ముడైతే ఫర్వాలేదు, సొంత ఇంటివాళ్ళకి మినహాయింపు ఉంది. స్నేహితులకి లేదు. దాచడమెందుకు, నా మనసులో మొదట వచ్చిన మాట "పది నిమిషాల దారే కదా, ఎవరు చూస్తారు" అనే. ఆయన నిద్రపోతున్నారు, బయట వాన. మళ్ళీ మెసేజ్ చదివాను. ఆ పదిహేడేళ్ళ పిల్ల, ఫ్రెండ్స్ ముందు, ఇబ్బంది పడుతూనే కదా నన్ను అడిగింది! తాళాలు తీసుకుని బయల్దేరాను.

దారిలో ఫోన్ చేద్దామనుకుని ఆగాను. బయల్దేరి ఉంటే ఎత్తదు. పీ వాళ్ళు హ్యాండ్స్‌ఫ్రీలో కూడా మాట్లాడకూడదు, ఫోన్‌లో మ్యాప్ కూడా పెట్టుకోకూడదు. కొత్త చోటికి వెళ్ళాలంటే మలుపులు కాగితం మీద రాసుకుంటుంది. ఈ మూడు వారాల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ ఫోన్ సంగతే. అది బయటికి వెళ్ళిందంటే చాలు, పది నిమిషాలకోసారి ఫోన్ చూసుకునేదాన్ని. ఈ రాత్రి మాత్రం ఫోన్ సంచీలో పెట్టేశాను.

అది ఒకమ్మాయిని ఎక్కించుకుంది, నేను ఇంకొకమ్మాయిని. ముందు దాని కారు, వెనక నాది. వానలో నా హెడ్‌లైట్ల వెలుగుకి ఆ ఎర్ర పీ స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఖాళీ రోడ్డు మీద కూడా ప్రతి మలుపుకీ ముందే ఇండికేటర్ వేసింది.

ఇంటికొచ్చి ఇంజన్ ఆపాక నా ఫోన్ మోగింది. ఎదురుగా నిలబడే ఉన్నాను, అయినా పంపింది: "థ్యాంక్స్ అమ్మా."